బోర్డు పోలేదమ్మా, స్టిక్కే సరిపడలేదు

ప్రశ్న: నమస్కారమండి. విశాఖ గోపాలపట్నంలో చిన్న జిరాక్సు, డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీ డిజైన్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు చేస్తాం. 2014 హుద్‌హుద్ తుఫానులో షాపు పైరేకులు లేచిపోయి పాత సిస్టం నానిపోతే, ఆ మరుసటేడు అసెంబుల్డ్ సిస్టం కొన్నాం. ఐ3-4160 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, విండోస్ 7. ఇప్పుడు ఫొటోషాప్, క్రోమ్ రెండూ తెరిస్తే చాలు, ఇక కదలదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ తెప్పించాను. పెడితే ఆగి ఆగి బీప్ వస్తోంది, తెర మీద ఏమీ రావట్లేదు. తీసేస్తే మామూలే. మా టెక్నీషియన్ దాన్ని తన దగ్గరున్న ఏఎండీ సిస్టంలో పెడితే పనిచేసింది. "ర్యామ్ బానే ఉంది, మీ బోర్డే పోయింది, కొత్త సిస్టం తీసుకోండి" అంటున్నాడు. ఇంకో షాపులో డీడీఆర్4 వేయించుకోమన్నారు. మా మరిది తన పాత ల్యాప్‌టాప్ ర్యామ్ ఊరికే ఇస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు? ర్యామ్ వాపసు ఇవ్వడానికి ఇంకా మూడు రోజులే గడువుంది.

సమాధానం: అమ్మా, గడువు మూడు రోజులే అన్నారు కాబట్టి ముందు ఆ పని చూడండి. ఆ కొత్త ర్యామ్ స్టిక్‌ని ఈ రోజే వాపసు పెట్టేయండి. మీ బోర్డు పోలేదు. పాత స్టిక్ పెట్టుకుంటే రోజంతా పనిచేస్తున్న బోర్డును పోయిందని ఎలా అంటాం? మీ టెక్నీషియన్ అబద్ధం చెప్పలేదు, ఆ ర్యామ్ నిజంగానే బాగుంది. కాకపోతే అది మీలాంటి ఇంటెల్ ప్రాసెసర్ సిస్టం కోసం చేసింది కాదు, ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లున్న వాటి కోసం. "ఏఎండీ సిస్టంలో పనిచేసింది" అని మీరు రాసిన ఆ ఒక్క ముక్కలోనే జబ్బు దొరికిపోయింది.

మీరు కొన్న పేజీని మళ్లీ తెరిచి కిందిదాకా చదవండి. ఎక్కడో చిన్న అక్షరాల్లో "ఏఎండీకి మాత్రమే" అన్న మాట ఉండొచ్చు, ఒక్కోసారి ఆ మాట స్టిక్ మీది స్టిక్కర్ మీదే ఉంటుంది. చవగ్గా దొరికే 8 జీబీ డీడీఆర్3 స్టిక్కులతో వచ్చే చిక్కు ఇదే. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారి 64 బిట్ల వెడల్పు. ఒక్కోటి 8 బిట్ల చిప్పులు ఎనిమిది పక్కపక్కన చేరితే ఆ 64 నిండుతుంది. మామూలు 8 జీబీ స్టిక్‌లో అలాంటి వరసలు రెండు ఉంటాయి, మొత్తం పదహారు చిప్పులు. ఈ చవక రకంలోనూ చిప్పులు పదహారే, కానీ ఒక్కోటి 4 బిట్లే, పదహారూ కలిస్తే ఒకటే వరస. మీ ఐ3 ప్రాసెసర్ లోపల ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్‌కి 8 బిట్ల చిప్పులు తెలుసు, 16 బిట్లవీ తెలుసు. 4 బిట్లవి దానికి తెలియవు. కొన్ని ఏఎండీ బోర్డులకు తెలుసు. అందుకే అక్కడ లేచింది, మీ దగ్గర బీప్ కొట్టింది. పైకి చూస్తే రెండు స్టిక్కులూ ఒకేలా ఉంటాయి, లెక్కపెట్టినా పదహారే వస్తాయి, కాబట్టి మీరు మోసపోయారని బాధపడకండి. ఎంతో అనుభవం ఉన్నవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు.

అయినా అనుమానం పూర్తిగా తీరాలి కదా. ఒక చిన్న పరీక్ష చేయండి. మీ పాత 4 జీబీ స్టిక్‌ని ఇప్పుడున్న స్లాట్ నుంచి తీసి రెండో స్లాట్‌లో ఒక్కదాన్నే పెట్టి ఆన్ చేయండి. సిస్టం లేచిందా, రెండు స్లాట్లూ బాగున్నట్టే. లేవకపోతే కూడా బోర్డు పోయిందని కంగారు పడొద్దు, ముందు ఆ స్లాట్ శుభ్రం చేయాలి. పదేళ్లుగా ఖాళీగా ఉన్న స్లాట్ అది. జిరాక్సు షాపులో టోనర్ పొడి, రోడ్డు దుమ్ము, దానికి తోడు మన ఊరి గాలి.

మన గాలి సంగతి చెప్పాలి. లాసన్స్ బే దగ్గర మా పిన్ని వాళ్ల ఇల్లు, కిటికీ తీస్తే సముద్రమే. ఒక వర్షాకాలం వాళ్ల సిస్టం ఇలాగే బీప్ కొట్టి ఆగిపోయింది. స్టిక్ బయటికి తీసి ట్యూబులైటు కింద పెట్టి చూశాను. అడుగు అంచున పసుపుగా మెరవాల్సిన గీతల మీద సన్నటి మసక తెర. వేలితో తాకితే కొంచెం జిగురు. మొబైల్ రిపేరు చేసేవాళ్ల దగ్గర దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి తడిపి నాలుగుసార్లు తుడిస్తే దూది బూడిద రంగుకి తిరిగింది. ఆరనిచ్చి పెడితే మొదటిసారికే లేచింది. మన దగ్గర చాలామంది పెన్సిలు రబ్బరుతో రుద్దేస్తారు. ఒకసారి మెత్తగా రుద్దితే పనవుతుంది కానీ, ఆ బంగారు పూత చాలా పల్చన, నెలకోసారి రుద్దితే అరిగిపోతుంది. పైగా రబ్బరు పొట్టు స్లాట్‌లో పడిందంటే అదో కొత్త తలనొప్పి.

ఇప్పుడు ఏ స్టిక్ కొనాలో చూద్దాం. అది షాపువాళ్లు చెప్పక్కర్లేదు, మీ పాత స్టిక్కే చెబుతుంది. దాన్ని తీసి లేబుల్ చూడండి. 4జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ, దాదాపు ఇలా ఉంటుంది. ఇందులో ప్రతి ముక్కకీ అర్థం ఉంది. 1ఆర్ఎక్స్8 అంటే ఒక వరస, 8 బిట్ల చిప్పులు. కొత్తగా కొనే దాని మీద ఎక్స్8 ఉండాలి, ఎక్స్4 అని కనిపిస్తే చేతిలోకి కూడా తీసుకోవద్దు. పీసీ3 అంటే డీడీఆర్3. 12800 అంటే సెకనుకి 12,800 మెగాబైట్లు, 1600 వేగాన్ని 8తో గుణిస్తే వచ్చేది. కాబట్టి ఒకచోట 1600 అనీ, ఇంకోచోట 12800 అనీ ఉంటే రెండూ ఒకటే. 10600 అని ఉంటే అది 1333 రకం. అదీ నడుస్తుంది కానీ, రెండూ కలిపి పెడితే 1600ది కూడా 1333కి దిగివస్తుంది. చివర ఉండే యూ అక్షరం మామూలు డెస్క్‌టాప్ రకం. ఆ చోట ఆర్ అని ఉంటే అది సర్వర్లలోంచి తీసిన స్టిక్, చాలా చవగ్గా వస్తుంది, మీ బోర్డులో లేవదు. పీసీ3 పక్కన ఎల్ అని ఉందనుకోండి, అది 1.35 వోల్టుల రకం. అది మీ బోర్డు ఇచ్చే 1.5 వోల్టుల మీదా పనిచేస్తుంది, భయం లేకుండా తీసుకోవచ్చు.

లేబుల్ చెరిగిపోయి ఉంటే సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం వేసుకోండి. అందులో ఎస్‌పీడీ అనే పేజీలో స్టిక్ వివరాలన్నీ ఉంటాయి. ఇంకో పేజీలో వేగం 800 అని చూపిస్తే తక్కువ వచ్చిందనుకోకండి, అది సగం లెక్క చూపిస్తుంది, 800 అంటే 1600 అన్నమాటే.

డీడీఆర్4 వేయించుకోమన్నవాళ్ల మాట వదిలేయండి. అది మీ స్లాట్‌లోకి దిగను కూడా దిగదు. మీ డీడీఆర్3 స్టిక్‌కి 240 పిన్నులు, డీడీఆర్4కి 288. అంచున ఉండే గాడి కూడా వేరే చోట ఉంటుంది. కరెంటు కూడా వేరు, ఒకదానికి 1.5 వోల్టులు, ఇంకోదానికి 1.2. "ఏటీ కాదండి, కాస్త గట్టిగా నొక్కితే ఎక్కేస్తాది" అని ఎవరన్నా అంటే స్టిక్ వాళ్ల చేతిలోంచి తీసేసుకోండి. నొక్కితే విరిగేది స్లాట్, అప్పుడు మాత్రం బోర్డు నిజంగానే పోతుంది. మీ మరిది గారి ల్యాప్‌టాప్ ర్యామ్ కూడా అంతే, అది ఇందులో సగం పొడవుంటుంది, పిన్నులు 204. దాన్ని డెస్క్‌టాప్‌లో పెట్టే అడాప్టర్లు అమ్ముతారు కానీ, నాలుగు డబ్బులొచ్చే షాపు సిస్టంలో అలాంటి అతుకులు నేను వద్దంటాను.

మరి ఎంత పెట్టాలి? హెచ్81 బోర్డుకి స్లాట్లు రెండే. ఒక్కోదానిలో 8, మొత్తం 16 జీబీ దాకా తీసుకుంటుంది. 16 జీబీ ఒకే స్టిక్ దీనికి పనికిరాదు. మీ పనికి నా సలహా, ఇప్పుడున్న 4 పక్కన అలాంటి 4 జీబీనే ఇంకోటి. ఒకే కొలతవి రెండు ఉంటే ప్రాసెసర్ రెండిటితోనూ ఒకేసారి మాట్లాడుతుంది, దారి రెండింతలు వెడల్పవుతుంది. 12,800 కాస్తా 25,600 అవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందని మీరు రాయలేదు, అది లేకపోతే బొమ్మ గీసే పనికి కూడా ఆ ప్రాసెసర్ ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, కాబట్టి ఈ వెడల్పు ఫొటోషాప్‌లో మీకు కొంతైనా తెలియొచ్చు. పెద్ద పెద్ద ఫ్లెక్సీలు, పది పన్నెండు ఫొటోలు కలిపి చేసేవి ఎక్కువగా వస్తాయంటే 8 జీబీది తీసుకుని 4 పక్కన పెట్టండి. అందులో 4కి 4 జోడీగా నడుస్తాయి, మిగతా 4 ఒంటరిగా నడుస్తుంది, నష్టమేమీ లేదు. కంపెనీ రెండూ ఒకటే కావాలన్న పట్టింపు అక్కర్లేదు. రకం, వేగం, ఎక్స్8 కలిస్తే చాలావరకు కలిసిపోతాయి.

అయితే అసలు విషయం ఇంకోటుంది, మీ ఉత్తరంలో అది రాయలేదు. విండోస్ 7 అన్నారు, అది 32 బిట్లదా, 64 బిట్లదా? డీటీపీ షాపుల్లో పాత పేజ్‌మేకర్, పాత ప్రింటర్ల కోసం 32 బిట్లదే ఉంచేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. మీరూ అలాగే ఉన్నట్టయితే 8 కాదు, 16 పెట్టినా పైసా ఉపయోగం ఉండదు. 'కంప్యూటర్' మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరవండి. ర్యామ్ దగ్గర 4.00 జీబీ అని, పక్కన బ్రాకెట్లో 3 చిల్లర మాత్రమే వాడుకోవచ్చని ఉన్నా దాన్నిబట్టి తేల్చుకోకండి, దాని కింద గీతలో 32 బిట్ అని ఉందా, 64 బిట్ అని ఉందా చూడండి. 32 బిట్లతో రాయగలిగే చిరునామాలు మొత్తం 4,29,49,67,296. ఒక్కో చిరునామాకి ఒక బైటు, అంటే 4 జీబీతో చిరునామాలు అయిపోయాయి. అందులోనే కొన్ని గ్రాఫిక్స్‌కీ, బోర్డు మీది మిగతా పరికరాలకీ పోతాయి. అందుకే 32 అయితే మీ 4 జీబీలో కూడా కొంత ఇప్పటికే ఊరికే పడి ఉంది. ఇల్లు కట్టాం కానీ డోర్ నంబరు లేదు, పోస్టుమ్యాన్ ఎక్కడికని వెళ్తాడు?

కాబట్టి ర్యామ్ కొనక ముందే ఇది చూసుకోండి. 32 అయితే 64కి మారాలి, మారాలంటే ఫార్మాట్ కొట్టాలి. దానికి ముందు మూడు సంగతులు తేల్చుకోండి. తెలుగు టైపుకి వాడే మీ 'అను' ఫాంట్ల సీడీ, దాని కీ మీ దగ్గర ఉన్నాయా? జిరాక్సు మిషన్‌కీ, ప్రింటర్‌కీ 64 బిట్ల డ్రైవర్లు ఆ కంపెనీ సైటులో ఉన్నాయా? మరీ పాతకాలం 16 బిట్ల ప్రోగ్రాం ఏదన్నా వాడుతున్నారా? అలాంటిది 64లో అసలు తెరుచుకోదు. ఇన్నేళ్ల పెళ్లి పత్రికల ఫైళ్లు, కస్టమర్ల ఫొటోలు బయటి డిస్క్‌లోకి ఎక్కించి, ఎక్కినవి తెరుచుకుంటున్నాయో లేదో ఇంకో సిస్టంలో చూశాకే ఫార్మాట్. కాపీ చేశామనుకుని ఖాళీ ఫోల్డరు దాచుకున్న ఒకావిడ ఏడుపు నేను కళ్లారా చూశాను. ఆ పరిస్థితి మీకు రాకూడదు.

ఎలాగూ ఫార్మాట్ కొడుతున్నప్పుడు అదే రోజు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని కొత్తరకం డిస్క్, కూడా వేయించండి. 2015లో పెట్టిన హార్డ్ డిస్క్ అయితే "కదలదు" అన్న మీ కష్టంలో సగం దానిదే. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీదికి పోతుంది, ఆ డిస్క్ గిరగిరా తిరిగి వెతికి తెచ్చేలోగా మీ కస్టమర్ బయటికెళ్లి టీ తాగి వచ్చేస్తాడు. మీ బోర్డుకి మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ చక్కగా సరిపోతుంది. రెండిట్లో ఒకదానికే డబ్బులున్నాయంటే నేను ముందు ఎస్‌ఎస్‌డీయే అంటాను.

ర్యామ్ ఎక్కడ కొనాలి? డీడీఆర్3 ఇప్పుడు పాతబడిన సరుకు, మంచి రకం చాలావరకు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. అదేమీ తప్పు కాదు, ర్యామ్‌లో అరిగిపోయే భాగాలు లేవు, బాగున్నది ఏళ్ల తరబడి బాగుంటుంది. ఆన్‌లైన్ వద్దు. సీపీయూ పెట్టెని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఎన్‌ఏడీ మీదుగా ద్వారకానగర్ తీసుకెళ్లిపోండి. మీ పెట్టెలోనే పెట్టించి, విండోస్ వచ్చి, ర్యామ్ మొత్తం కనిపించాకే డబ్బులివ్వండి. బిల్లు మీద స్టిక్ సీరియల్ నంబరు, ఎన్నాళ్లలో మార్చి ఇస్తారో ఆ మాట రాయించుకోండి. నోటిమాట వారంటీ వారంటీ కాదు. రెండు మూడేళ్ల కిందటి వీడియోల్లో చెప్పిన ధరలు మనసులో పెట్టుకుని బేరానికి దిగకండి. 2025 చివర్నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. చిప్పులు చేసే పెద్ద కంపెనీలు ఏఐ డేటా సెంటర్లకు కావలసిన మెమరీ వైపు మళ్లాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించేసింది. అమ్మేసిన వాటికి వారంటీ మాత్రం ఇస్తామంది.

మీరే బిగించుకుంటానంటే అదీ కష్టమేం కాదు. సిస్టం షట్‌డౌన్ చేస్తే సరిపోదు, గోడ స్విచ్ ఆపి ప్లగ్గు పీకండి. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ బోర్డుకి 5 వోల్టులు అందుతూనే ఉంటాయి. పీకాక పవర్ బటన్‌ని ఓ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిందేదో పోతుంది. స్లాట్ చివరి గొళ్లేలు తెరిచి, గాడి చూసుకుని, రెండు బొటనవేళ్లతో రెండు చివరలా ఒకేసారి నొక్కండి. గొళ్లెం తనంతట తానే టక్కుమని పడాలి. సగం కూర్చున్న స్టిక్‌తో ఆన్ చేయొద్దు. బిగించిన రాత్రి షాపు కట్టేముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపించి వెళ్లండి. తెల్లారి చూసేసరికి ఎర్ర గీత ఒక్కటి కనిపించినా ఆ స్టిక్ మార్పించాల్సిందే. ఒక్కటే కదా అని వదిలేస్తే, పత్రిక ప్రింటుకి ఇచ్చే రోజునే ఫైలు పాడవుతుంది.

చివరిగా డబ్బు సంగతి. ఈ సిస్టం మీద ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మించి ఇంకేమీ పెట్టకండి. కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్ అంటూ ఎవరన్నా దీన్నే పట్టుకుని ముక్కలు ముక్కలుగా మార్పిస్తామంటే ఒప్పుకోవద్దు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ రక్షణ 2020 జనవరి 14తో ఆగిపోయింది. క్రోమ్ కూడా 109తో దానికి ఆగింది. మీరు జనం ఆధార్ కాపీలు, బ్యాంకు వివరాలు పెట్టి దరఖాస్తులు నింపుతున్నది దాని మీదే. ఇది నన్ను మీ ర్యామ్ కన్నా ఎక్కువ కలవరపెడుతోందమ్మా. విండోస్ 10 కూడా 2025 అక్టోబరు 14తో ముగిసింది, నమోదు చేసుకున్న ఇంటి సిస్టమ్‌లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు ఎనిమిదో తరం నుంచే, మీది నాలుగోది. అందుకని ఈ పాతదాన్ని నెట్ తీసేసి డీటీపీకి, ఫ్లెక్సీలకు ఉంచుకోండి, 8 జీబీతో ఇంకా కొన్నేళ్లు హాయిగా లాగుతుంది. దరఖాస్తులకు వేరే సిస్టం చూసుకోండి, ఎనిమిదో తరం, లేదా ఆ తర్వాతి సెకండ్ హ్యాండ్‌దైనా చాలు. అప్పుడు కూడా ముందు అడగాల్సింది డీడీఆర్4ఆ, డీడీఆర్5ఆ, స్లాట్లెన్ని, ఒకటన్నా ఖాళీ ఉందా అనే.

ఫార్మాట్ మాత్రం ఆషాఢంలో పెట్టుకోండి. పెళ్లి పత్రికలు ఉండవు, రెండు రోజులు సిస్టం లేకపోయినా నడుస్తుంది. శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేసరికి అంతా కుదురుకుంటుంది. ఈలోగా మీ పాత స్టిక్ లేబుల్‌ని ఫోన్‌లో దగ్గరగా ఒక ఫొటో తీసి ఉంచుకోండి. ద్వారకానగర్‌లో కౌంటర్ దగ్గర నోటితో ఏమీ చెప్పకుండా ఆ ఫొటో చూపించి, "దీని జోడీ కావాలి, ఎక్స్8ది" అనండి.